ఆఖరి కంచంలో ఏముంది?

హనుమకొండ నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు, వీధి వేయవద్దన్నారు. వేయడం లేదు. ఆమె వయసు 33. భర్త ఒక ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణంలో పని చేస్తారు, జీతం 16,000. రెండు గదుల ఇంటికి అద్దె 4,500. నాలుగో తరగతి చదివే పాప, నాలుగేళ్ల బాబు, షుగర్ ఉన్న అత్తమ్మ కలిపి ఇంట్లో ఐదుగురు. అత్తమ్మకు 2,016 రూపాయల పింఛను వస్తుంది. అందులో ఎక్కువ భాగం మందులకు పోతుంది, కొంత మనవడి చిప్స్ ప్యాకెట్లకు.

జీతం ఐదో తారీఖున పడుతుంది. అద్దె, పాప ఫీజు, బియ్యం బస్తా, పాల బిల్లు భర్తే కట్టేస్తారు. మిగిలింది ఆయన ఫోన్‌లోనే ఉంటుంది. రోజూ పొద్దున పనికి వెళ్తూ 200 రూపాయలు ఈమె చేతిలో పెడతారు. ‘మొత్తం ఇస్తే నీ దగ్గర నిలవదు’ అంటారట. దానికి కారణం కూడా ఆమే దాచకుండా రాశారు. రెండేళ్ల కింద తమ్ముడి పరీక్ష ఫీజుకు ఇంట్లో చెప్పకుండా 4,000 ఇచ్చారు. అది బయటపడింది. అప్పటి నుంచి రోజుకు 200.

ఆ 200తో కూరగాయలు, నూనె, పప్పులు, గుడ్లు, చిరుతిండి అన్నీ నడవాలి. నడవని రోజు కిరాణం ఖాతాలో రాయిస్తారు. ఖాతా ఇప్పుడు 3,800కు చేరింది. ఆ సంగతి భర్తకు తెలియదు.

‘మూడు ఆలోచనలు వస్తున్నాయి. పిల్లలకు పాలు ఆపేయడం, పప్పు రోజు విడిచి రోజు వండటం, అత్తమ్మను కొన్నాళ్లు బావగారింటికి పంపడం. వీటిలో ఏది తక్కువ తప్పు?’ అని అడిగారు.

నాలుగో పేజీ చివర, సంతకం ఉండాల్సిన చోట, ఇంకో మాట రాశారు. బస్తీలో పెట్టిన క్యాంపులో రక్త పరీక్ష చేయించుకుంటే హిమోగ్లోబిన్ 8.6 వచ్చింది. ఆ చీటీ కందిపప్పు డబ్బాలో ఉంది. అందరూ తిన్నాక తాను తింటారు. కూర మిగిలితే కూరతో, లేకపోతే పచ్చడితో. పొద్దున టిఫిన్ బదులు చాయ్.

అమ్మా, మీరు అడిగిన ప్రశ్నకు ముందు ఆ నాలుగో పేజీకి జవాబు చెప్పాలి. మీ వయసు ఆడవాళ్లకు హిమోగ్లోబిన్ 12 ఉండాలి. 8.6 అంటే ‘కొంచెం నీరసం’ కాదు. మెట్లెక్కితే ఆయాసం, కూర్చుని లేస్తే కళ్లు తిరగడం మీకు ఈపాటికి అలవాటైపోయి ఉంటుంది. దగ్గర్లోని పట్టణ ఆరోగ్య కేంద్రానికో, బస్తీ దవాఖానాకో వెళ్లి డాక్టరుకు చూపించండి. నెలసరిలో రక్తం ఎక్కువ పోవడం వల్ల కావచ్చు, నులిపురుగుల వల్ల కావచ్చు, తిండి వల్ల కావచ్చు. అది వాళ్లు తేల్చాలి. ఐరన్ మాత్రలు అక్కడ ఉచితంగానే ఇస్తారు. మాత్ర వేసుకున్నాక మలం నల్లగా వస్తే భయపడి మానేయకండి, అది మామూలే. భోజనం అయిన వెంటనే చాయ్ తాగకండి, తిండిలోని ఐరన్ ఒంటికి పట్టకుండా చేస్తుంది. గంటో గంటన్నరో ఆగండి. పప్పులో సగం నిమ్మకాయ పిండుకుంటే దానికి వ్యతిరేకంగా, ఐరన్ బాగా పడుతుంది.

ఇక డబ్బు సంగతి. ‘ఇంకెక్కడ తగ్గించాలి’ అని రాశారు గానీ, మీరు ఇప్పటికే తగ్గించారు. రెండేళ్లుగా మీ ఒక్కరి కంచంలోనే తగ్గిస్తున్నారు. అందుకే మీ ఆయనకు 200 సరిపోతున్నట్టు కనిపిస్తోంది. ఆయన కంచం నిండుగా ఉంది, పిల్లల కంచాలు నిండుగా ఉన్నాయి, తక్కువపడ్డదేదో అందరూ లేచాక వంటింట్లో మీరు తినే కంచంలో తేలుతోంది. ఇంకా తక్కువపడ్డది ఖాతా పుస్తకంలోకి పోతోంది, అదీ ఆయనకు తెలియదు. ఈ ఇంట్లో కరువు ఉంది, కానీ ఎవరి కంటికీ కనపడకుండా మీరు దాన్ని దాచిపెడుతున్నారు. మా అమ్మ కూడా ఆఖర్నే తినేది. ఆమె కంచంలో ఏముండేదో ఇరవయ్యేళ్లు వచ్చేదాకా నేను ఒక్కసారి కూడా చూడలేదు. మీ ఆయన చెడ్డవాడని నాకనిపించడం లేదు. ఆయనా నాలాగే చూడలేదంతే.

అందుకని, పైసా ఖర్చు లేని పని ఒకటి మొదట చెప్తాను. అందరితో కలిసి కూర్చుని, ఒకేసారి వడ్డించుకుని తినండి. కూర ఐదు వాటాలు చేస్తే ఎంత వస్తుందో అందరికీ తెలుస్తుంది. మొదటి వారం ఇబ్బందిగానే ఉంటుంది. అత్తమ్మ ఏమైనా అనొచ్చు, ఆయన ‘ఇదేంటి, కూర ఇంతేనా’ అనొచ్చు. ఆ మాట ఆయన నోట రావాలి. అప్పుడే లెక్క మాట్లాడే వీలు దొరుకుతుంది.

మీరు రాసి పంపిన నెల లెక్క నా ముందుంది. బియ్యం 1,450, పాలు 1,740, నూనె 750, పప్పులు ఉప్పులు మసాలాలు 2,200, కూరగాయలు 1,500, ఆదివారాల కోడికూర 960, బిస్కెట్లు, చిప్స్, సాయంత్రం బజ్జీలు 1,200. మొత్తం 9,800. ఇంత ఓపిగ్గా రాసిన మనిషి చేతిలో డబ్బు నిలవదంటే నేను నమ్మను. అసలు తేడా ఎక్కడుందంటే, డబ్బు రోజుకు 200గా వస్తే సరుకు కూడా రోజుకు ఇంతగానే వస్తుంది. కారం పది రూపాయల ప్యాకెట్, నూనె పావు లీటరు, పప్పు పావుకిలో. ఆ చిన్న ప్యాకెట్ మీద గ్రాములు చదివి కిలోకు ఎంత పడుతుందో లెక్కేసి చూడండి. ఇప్పుడు చాలా ప్యాకెట్ల మీద గ్రాముకు ఇంత ధర అని కూడా ముద్రిస్తున్నారు. మీరు దుబారా చేయడం లేదు, చిల్లరగా కొనడానికి జరిమానా కడుతున్నారు. ఖాతా ఇంకో జరిమానా. అప్పు ఉన్న దుకాణంలో బేరం ఆడలేం, పురుగు పట్టిన పప్పు ఇచ్చినా మొహం మీద అనలేం.

మీ ఆయనతో మాట్లాడటానికి మీకు మూడు దారులున్నాయి. తిండి ఖర్చు మొత్తం ఐదో తారీఖునే చేతికివ్వమని అడగొచ్చు. అన్నిటికంటే ఆదా దాంట్లోనే, కానీ మొదటి నెలలోనే 25వ తారీఖుకు ఐపోతే ‘నేను చెప్పలేదా’ అనే మాట పడాలి. మళ్లీ 200కే వస్తారు, ఈసారి గట్టిగా. రెండోది, ఐదున సగం, ఇరవైన సగం. నష్టం తక్కువ, లాభమూ కొంచెం తక్కువే. మూడోది నాకు నచ్చింది. నెలసరుకులకు ఆయన్ను వెంట తీసుకెళ్లండి, డబ్బు ఆయన ఫోన్‌లోంచే కట్టనివ్వండి. కూరగాయలకు, చిల్లరకు రోజుకు 80, 90 మీ చేతికి చాలు. ఇందులో మీ మీద నమ్మకం ప్రశ్నే రాదు, పైగా కిలో కందిపప్పు 150, పల్లీలు 140 అని ఆయన కళ్లతో చూస్తారు. ఒక చిక్కుంది. మగవాళ్లు దుకాణానికి వస్తే చీటీలో లేనివి నాలుగు బుట్టలో వేస్తారు. మొదటిసారి వేయనివ్వండి.

ఆ 4,000 సంగతి మాత్రం ఒకసారి మీరే ఎత్తండి. ‘చెప్పకుండా ఇవ్వడం తప్పే’ అనండి. దాని వెనకే ‘కానీ’ అనకండి. ఖాతా 3,800 కూడా అదే రోజు చెప్పేయండి. విడిగా ఇంకో రోజు బయటపడితే అది రెండో 4,000 అవుతుంది.

ఖాతాను ఒక్కసారిగా మూసేయాలని చూడకండి. పాతబాకీ అలా ఉంచి నెలకు 500 చొప్పున కట్టండి, కొత్తగా ఏదీ రాయించకండి. ఎనిమిది నెలల్లో తీరుతుంది. ఆ దుకాణదారుకు కోపం రావచ్చు, ఆయనతో మాట కలుపుతూనే ఉండండి. పిల్లాడికి రాత్రి జ్వరం వస్తే తలుపు తీసేది ఆయనే.

ఇప్పుడు మీ మూడు ఆలోచనలు.

పాలు. రోజుకు లీటరు వస్తోంది, అందులో సగానికి పైగా చాయ్‌లోకి పోతోందని మీ లెక్కలోనే ఉంది. పిల్లలకు దక్కేది పొద్దున ఒక్కో గ్లాసు. ఆపాల్సింది పిల్లల పాలు కాదు. లీటరును ముప్పావు లీటరు చేసి, పిల్లల గ్లాసులు ముందు తీసిపెట్టి, మిగిలిన దానితోనే చాయ్ పెట్టండి. నెలకు 435 మిగులుతాయి. రోజుకు మూడుసార్లు చాయ్ తాగే ఇంట్లో దీనికి గొడవ తప్పదు. పిల్లల పాల కంటే పెద్దల చాయ్ మీద గొడవ పడటమే నయం.

పప్పు రోజు విడిచి రోజు అన్నారు. వద్దు. అది మీ ఇంట్లో చవకైన బలం. మీరిచ్చిన ధరలతోనే లెక్కేశాను. 22 గ్రాముల మాంసకృత్తులు కందిపప్పులో అయితే దాదాపు 15 రూపాయలకు, శనగల్లో, పెసర్లలో 10కి, పల్లీల్లో 12కి దొరుకుతాయి. గుడ్లలో 24 అవుతాయి, పాలలో 40. మీల్‌మేకర్ అయితే ఏడెనిమిదికి మించదు. అంటే పప్పు తగ్గించి పాలు కొనడం తలకిందుల బేరం. తగ్గించకుండా మార్చండి. వారంలో రెండు రోజులు కందిపప్పు బదులు పెసర్ల కూర, ఒక రోజు నానబెట్టిన శనగలు, ఒక రోజు ఆలుగడ్డలో మీల్‌మేకర్. పప్పులో తోటకూర, పాలకూర, గోంగూర ఏదో ఒకటి పడితే పావుకిలో పప్పు ఐదుగురికి వస్తుంది. పప్పులు గంట ముందు నానేసి కుక్కర్‌లో పెడితే గ్యాస్ కూడా కలిసొస్తుంది.

అత్తమ్మను పంపడం. ఇది తిండి లెక్కలోకి రాదు. పంపితే నెలకు బియ్యం, చాయ్ పోను మీకు మిగిలేది స్వల్పం, పోయేది ఎక్కువ. బాబును పగలంతా చూసేది ఆమేనని మీరే రాశారు. పైగా, డబ్బు కోసం పంపారన్న మాట పదేళ్లయినా పోదు. మందుల ఖర్చు తగ్గించే దారి వేరే ఉంది. షుగర్, బీపీ మాత్రలు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా ఇస్తారు. మీరు రక్తం చీటీ చూపించడానికి వెళ్లిన రోజే ఆమెనూ వెంట తీసుకెళ్లండి.

నాకైతే ఈ ఇంట్లో మీకు తోడు అత్తమ్మేననిపిస్తోంది. చిరుతిండికి 1,200 పోతోంది, అది కోడికూర కంటే ఎక్కువ. బిస్కెట్లు కొనొద్దంటే పిల్లలు ఏడుస్తారు, ఆమె పింఛన్‌లోంచి కొనిస్తుంది. దాని బదులు ఆమెను సర్వప్ప చేయమని అడగండి. బియ్యప్పిండి, నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, ఉల్లికాడ వేసి గిన్నెకు తట్టి కాలుస్తుంటే ఆ వాసనకు ఏ చిప్స్ ప్యాకెట్టూ నిలవదు. ఓరుగల్లు వైపు ఆమె వయసు ఆడవాళ్లకు అది నేర్పాల్సిన పని లేదు. మిగతా రోజుల్లో అలసందల గుడాలు, శనగ గుడాలు, మరమరాల్లో ఉల్లిగడ్డ, పల్లీలు. షుగర్ ఉన్నా గుడాలు ఆమె కూడా కొంచెం తినొచ్చు. బజ్జీలు పూర్తిగా మాన్పించకండి, వారానికి ఒక సాయంత్రం ఉంచండి. 1,200 కాస్తా 500కు వస్తే చాలు.

నూనె ఐదు లీటర్లు మాత్రం ఎక్కువే. నెలకు మనిషికి అర లీటరు చాలని డైటీషియన్లు సాధారణంగా చెప్తారు, మీ ఇంట్లో మనిషికి లీటరు పడుతోంది. ఒక్కసారిగా సగం చేస్తే కూర ఎవరూ ముట్టరు. ఈ నెల మూడున్నరకు రండి. నెల మొదట్లోనే సీసాలో పోసి, ఇంతే అనుకుని వాడండి.

ఆదివారం కోడికూర జోలికి వెళ్లకండి. దాన్ని తీసేస్తే మిగతా లెక్కలేవీ ఆ ఇంట్లో సాగవు.

కూరగాయలకు వీధి బండి మీద రోజూ 50 పెడుతున్నారు. బస్సు ఉచితమే కదా, వారానికి రెండుసార్లు రైతుబజారుకు వెళ్లండి. అక్కడ ఆ రోజు ధరలు బోర్డు మీద రాసి ఉంటాయి, అది చదివాకే సంచి తెరవండి. సాయంత్రం వెళ్తే చవక, కానీ ఆకుకూర వాడిపోయి ఉంటుంది. మీ ఫ్రిజ్ పాడైందన్నారు కనుక వండే వరస ముఖ్యం. మొదటి రోజు ఆకుకూర, తర్వాత బెండ, వంకాయ, టమాట, ఆఖర్న సొరకాయ, ఆలు, గుమ్మడి. టమాట పది రూపాయలకు కిలో వచ్చిందని మూడు కిలోలు తేకండి, మూడో కిలో ఎప్పుడూ చెత్తబుట్టకే. ఎండాకాలమైతే కోసి, ఉప్పు రాసి ఒరుగులు పెట్టుకోవచ్చు. 2023 జులైలో టమాట కిలో 200 దాటినప్పుడు ఒరుగులున్న ఇళ్లు పప్పుచారు మానలేదు.

సంక్రాంతి దాటాక కొత్త కందులు, ఆ తర్వాత మిరపకాయలు, మార్చికల్లా చింతపండు వస్తాయి. ఏడాదికి సరిపడా కొనడం ఇప్పుడు మీవల్ల కాదు, దానికోసం అప్పు చేయడం అంతకన్నా వద్దు. మీ వాడకట్టులో నలుగురు కలిసి ఏనుమాముల వైపు వెళ్లి పది కిలోల మిర్చి తెచ్చుకుని పంచుకోండి, కలిసే గిర్నీలో పట్టించుకోండి. పది రూపాయల కారం ప్యాకెట్ పీడ ఏడాదికి వదులుతుంది.

బాబుకు వచ్చే ఏడాది నర్సరీ అన్నారు. ఈలోగా అంగన్‌వాడీకి పంపితే మధ్యాహ్నం వేడి భోజనం, గుడ్డు అక్కడే తింటాడు. ‘మనవాడు అంగన్‌వాడీకా’ అని మీ ఆయన అనొచ్చు. ఒకరోజు ఇద్దరూ వెళ్లి ఆ కేంద్రం శుభ్రంగా ఉందో లేదో చూడండి, బాగా లేకపోతే వద్దు. పాపను భోజనం కోసం ప్రభుత్వ బడికి మార్చాలా అని కూడా ఒక వాక్యం రాశారు. చదువు బాగుంటుందనుకుంటే మార్చండి. అన్నం లెక్కతో తీసుకునే నిర్ణయం కాదది.

ఇక అన్నిటికంటే పెద్ద ముడి రేషన్ కార్డు. పరకాల దగ్గర ఊళ్లో అత్తమ్మ పేరు మీద ఉన్న కార్డులో ఆమె, మీ ఆయన, మీరు, బావగారి కుటుంబం అందరూ ఉన్నారు, బియ్యం బావగారు తీసుకుంటున్నారు, పిల్లల పేర్లు ఎక్కలేదు అన్నారు. దొడ్డు బియ్యం రోజుల్లో ఎవరూ పట్టించుకోలేదు, సరే. 2025 ఏప్రిల్ నుంచి తెలంగాణలో మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం ఉచితంగా ఇస్తున్నారు. మీ ముగ్గురి వాటా 18 కిలోలు, పిల్లల పేర్లు కూడా ఎక్కితే 30. మీరు 1,450 పెట్టి కొంటున్న బస్తా ఇరవై ఐదు కిలోలే.

ఇక్కడ తొందరపడకూడదు. కార్డులో పేరుంది కనుక మీరు హనుమకొండలోనే ఏదో ఒక రేషన్ షాపులో వేలిముద్ర వేసి తెచ్చుకోవచ్చు. కానీ బావగారికి చెప్పకుండా చేస్తే, ఆయన అక్కడ షాపుకు వెళ్లి బియ్యం లేవనిపించుకుని వస్తే, పండక్కి మొహాలు ఎలా చూసుకుంటారు? పేర్లు విడదీయించుకుని మీసేవలో సొంత కార్డుకు దరఖాస్తు చేయడం ఇంకో దారి. ఊళ్లల్లో లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షల లోపు ఏడాది ఆదాయం ఉన్నవాళ్లకు అర్హత. మీ ఆయన జీతం ఏడాదికి 1,92,000. సొంత కార్డు ఉంటే 500 రూపాయల గ్యాస్‌కు, 200 యూనిట్ల లోపు కరెంటు బిల్లు లేకుండా పోవడానికి, ఆరోగ్యశ్రీకి కూడా దారి దొరుకుతుంది. అయితే పాత కార్డులోంచి పేర్లు పోయి కొత్తది చేతికి రావడానికి మధ్య ఎన్ని నెలలు పడుతుందో ఎవరూ మాటివ్వలేరు. అత్తమ్మ ఎవరి కార్డులో ఉండాలన్నది కూడా అప్పుడు తేల్చాలి. పొలం ఇంకా పంచుకోలేదన్నారు గనక, బావగారు దీన్ని బియ్యం మాటగా కాక వేరుపడే మాటగా వినొచ్చు.

అందుకే మొదటి మాట అత్తమ్మతో చెప్పించండి. ‘నేను చిన్నోడి దగ్గర ఉంటున్న, నా వాటా, వాళ్ల వాటా ఇటు పంపు’ అని తల్లి అంటే దారి వేరు. 18 కిలోలు నెలనెలా పరకాల బస్సులో వస్తే వెయ్యి రూపాయలు మిగిలినట్టే, కార్డు సంగతి నిదానంగా చూసుకోవచ్చు. బావగారు కాదంటే, కార్డు విడదీయడానికి మీకు కారణం దొరికింది, మీ మీద మాట రాదు.

రేషన్ మాట పక్కనపెట్టినా, చిరుతిండిలో 700, పాలలో 435, నూనెలో 225, కూరగాయల్లో 300 దాకా, మొత్తం 1,660 మిగులుతాయి. 500 ఖాతాకు పోనివ్వండి. 195 పెట్టి నెలకు 30 గుడ్లు కొనండి. అవి పిల్లలవి కావు, మీ ఆయనవి కావు, రోజుకొకటి మీది. బాబు ‘నాకూ’ అంటే వాడికి ఇంకోటి కొనండి గానీ మీది ఇవ్వకండి. ఈ ఒక్క చోట మాత్రం మీకు వేరే దారి చూపించను. మిగిలిన తొమ్మిది వందల చిల్లర ఆయన ఫోన్‌లోనే ఉండనివ్వండి. ఎంత మిగిలిందో ఆయనకే కనిపించాలి.

ఆయనతో కూర్చున్నప్పుడు ముందు నెల లెక్క తీయకండి. కందిపప్పు డబ్బాలోంచి ఆ చీటీ తీసి చేతిలో పెట్టండి. 8.6 అంటే ఏమిటని ఆయన అడుగుతారు. అప్పుడు చెప్పండి. లెక్కల పుస్తకం దాని తర్వాత. మూడు నెలలకు మళ్లీ రక్తం పరీక్ష చేయించుకుని, ఆ అంకె ఎంత వచ్చిందో నాకు రాయండి.